కహా సునా మాఫ్ కర్నా

2025ల పదో తరగతి పరీక్షలు మార్చి 21 నుంచి. గిట్లాంటి టైంల ట్యూషన్ పిల్ల ఒకతె వచ్చి, "సార్, ఫిబ్రవరి దాకా శనివారం శనివారం నేను రాను" అంటే ఏ ఉస్తాద్‌కైనా గుస్సా రాదా? నాకూ వచ్చింది. త్రికోణమితి ఇంకా సగంలనే ఉన్నది. ఈ పిల్లేమో గుణదల మరియమాత ఉత్సవానికి పోనీకి తయారీ అంటున్నది.

"పోయేది మూడు రోజులకు కదా బిడ్డా. బట్టలు సర్దుకోనీకి నెల పడతదా?" అన్న.

ఆ పిల్ల నవ్వింది. "బట్టలు కాదు సార్" అన్నది.

ఆ నెల రోజుల్ల ఏం జరిగిందో, అది మా ఇంటి దాకా ఎట్ల వచ్చిందో చెప్దామనే ఇది రాస్తున్న. ఆ పిల్ల పేరు రాయను. రాయాల్నా వద్దా అని అడిగితే, "పేరు లేకుంటే రాయండి సార్" అని ఇజాజత్ ఇచ్చింది.

మేముండేది మంచిర్యాల పక్కన, సింగరేణి క్వార్టర్లకు దగ్గర. 2016 దాకా ఇది ఆదిలాబాద్ జిల్లానే. నా పుట్టిల్లు కరీంనగర్, కమాన్ దగ్గర. సర్కారీ టీచర్ నౌకరీ నన్ను గోదావరి దాటించి ఇటు తెచ్చింది, రిటైరైనంక ఇక్కడనే ఉండిపోయిన. పక్కింటాయన బొగ్గు బాయిల పని చేస్తడు. కేథలిక్ ఖాందాన్. ఈద్‌కు మా షీర్ ఖుర్మా ఆ గోడ దాటి పోతది, క్రిస్మస్‌కు వాళ్ల కేక్ ఈ గోడ దాటి వస్తది. ఇరవై ఏండ్ల నుంచి ఇదే మా మామ్‌లా. కానీ వాళ్ల ఇబాదత్ ఎట్లుంటదో నేను ఎన్నడూ పూఛ్‌తాఛ్ చెయ్యలే. మనకెందుకులే అనుకున్న. వాళ్లూ మన నమాజ్ గురించి అట్లనే అనుకోవచ్చు.

జనవరిల ఒక శనివారం పక్కింటాయనకు సెకండ్ షిఫ్ట్ పడ్డది. "సార్, పొద్దుగూకినంక పిల్లను చర్చి నుంచి జర తోల్కరారా" అని అడిగిండు. స్కూటర్ మీద పోయిన. వాళ్ల క్లాస్ ఇంకా కాలేదు. బయట వేపచెట్టు కింద సిమెంట్ బెంచీ మీద కూసున్న. కిటికీలు తెరిచే ఉన్నయి. లోపల పదిహేను, ఇరవై మంది పిల్లలు, అంతా పద్నాలుగు, పదిహేను, పదహారేండ్లోళ్లు. వాళ్లకు చెప్తున్నది కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్. తెలుగు బాగనే మాట్లాడుతది, కానీ మలయాళం యాస పోలే.

ఆ సాయంత్రం ఆమె చెప్తున్నది బెర్నడెట్ అనే పిల్ల కథ. ఫ్రాన్స్‌ల లూర్దు అనే ఊరు. 1858 ఫిబ్రవరి 11. పద్నాలుగేండ్ల గరీబ్ పిల్ల, ఆయాసం బీమారీ, చదువు రాదు. తండ్రి పిండి మిల్లు నడిపి దివాలా తీసిండు. ఇంటిల్లిపాదీ ఒకప్పుడు జైలు ఖోలీగా వాడిన ఒక్క గదిల ఉండేటోళ్లు. పొయ్యిల కట్టెల కోసం పోయిన ఆ పిల్లకు గుహ దగ్గర మరియమాత కనిపించిందని వాళ్ల అఖీదా. అందుకే ఫిబ్రవరి 11 పండుగ. బెజవాడ గుణదల కొండ మీద 1924ల ఫాదర్ అర్లాటి పెట్టించిన మాత సురూపం ఆ లూర్దు మాతదే. "కట్టెలు ఏరనీకి పోయిన పిల్ల ఆమె. మీలెక్కనే" అన్నది సిస్టర్. బాయి పక్కన బొగ్గు ఏరుకునేటోళ్ల ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలు కొందరు తల ఎత్తి చూసిన్రు.

నేను ఖామోష్‌గా వింటున్న. ఆ సురూపం ముందర మనం వంగం, అది మన తౌహీద్ మాట, అక్కడ ఏ సందేహమూ లేదు. కానీ మర్యం అలైహిస్సలాం మనకు పరాయిదా? ఖురాన్‌ల పేరుతో పిలిచిన ఔరత్ ఆమె ఒక్కతే. పంతొమ్మిదో సూరా ఆమె పేరు మీదనే ఉన్నది. మా అమ్మీ కాన్పులకు పోయిన ప్రతి ఇంట్ల సూరె మర్యం చదివేది. గా బెంచీ మీద కూసున్నప్పుడు నాకు అమ్మీనే యాదికొచ్చింది.

క్లాస్ అయినంక సిస్టర్ బయటికొచ్చి సలాం లెక్క చేతులు జోడించింది. మాట మాట కలిసింది. ఇక్కడోళ్లది సిరో మలబార్ రివాజ్ అట. కేరళ ఫాదర్లు చాందా ప్రాంతానికి 1962ల వచ్చిన్రు, 1999ల ఆదిలాబాద్ మేత్రాసనం చాందా నుంచి వేరైంది. వాళ్ల పాత ఇబాదత్ జబాన్ సురియానీ. మనం వినే అరబ్బీకి అది దగ్గరి చుట్టం. వాళ్ల పూజను కుర్బానా అంటరట. "కుర్బానీ?" అని అడిగిన. "అవును, అదే మాట సార్" అన్నది. పవిత్రాత్మను రూహా ద ఖుద్‌శా అంటరట. మనం రూహుల్ ఖుదుస్ అంటం. మతలబులు వేరు, నాకు తెలుసు. అయినా నలభై ఏండ్లు పిల్లలకు మాటలు నేర్పినోన్ని కదా, ఆ మాటల రిష్తా వింటే దిల్ ఖుష్ అయింది.

ఇంకొకటి చెప్పింది. కేరళ సురియానీ క్రైస్తవులు పెద్ద ఉపవాసాలకు ముందు మూడు రోజుల ఉపవాసం ఒకటి ఉంటరు, మూన్ను నోయంబు అంటరు. యోనా ప్రవక్త మాట విని నీనెవె ఊరంతా పశ్చాత్తాపపడ్డ యాదికి అది. యోనా అంటే మన యూనుస్ అలైహిస్సలాం. అజాబ్ వచ్చే ముందే తౌబా చేసి బతికిపోయిన కౌమ్ ఆయనది. ఆ కిస్సా నేను బచ్‌పన్‌ల మక్తబ్‌ల విన్నదే.

ఇంటికొచ్చి మా బేగంకు చెప్తే, "చర్చి ముందర గంట సేపు కూసున్నవా? ఎవరన్న చూస్తే ఏమంటరు?" అన్నది. "వేపచెట్టు కింద కూసున్న" అన్న. ఆమెకు ఆ జవాబ్ పసంద్ కాలే.

ఆ తయారీ అయిదు శనివారాలు. రెండు శనివారాలు నేను స్వయంగా విన్న, తక్కినవి ఆ పిల్ల చెప్పింది. మొదటి వారం ఎందుకు పోతున్నమో రాయమన్నరు, అంటే నియ్యత్. మంచి మార్కుల కోసమని సగం మంది రాసిన్రట. సిస్టర్ కొట్టెయ్యలే, "దాని కింద ఇంకోటి రాయండి, మీ కోసం కానిది" అన్నదట. రెండో వారం జపమాల. మన తస్బీలెక్కనే పూసలు, అయిదు వరుసలు, వరుసకు పది. పెదవులు కదిలితే చాలదు, ఒక్కో వరుసకు ఏసు జిందగీల ఒక ఘట్టం మనసుల పెట్టుకోవాలె. రాత్రి ఎనిమిది దాటినంక ఫోన్ ముట్టొద్దు. బజ్జీలకు, పానీపూరీకి ఇచ్చే పైసలు ఒక కవర్ల వేసి ఎవరికో ఒకరికి చెప్పకుండ ఇయ్యాలె. గోడ మీద కార్లో అకుటిస్ అనే ఇటలీ పిల్లగాని ఫోటో పెట్టిన్రు. జీన్స్ పాంటు, టీషర్టు వేసుకునే మామూలు పిల్లగాడు, కంప్యూటర్ పిచ్చి. 2006ల లుకేమియాతో పదిహేనేండ్లకే పోయిండు. 2025 వాళ్లకు జూబ్లీ సంవత్సరం, 25 ఏండ్లకొకసారి వస్తది. రోమ్ దాకా పోలేనోళ్లకు దగ్గరి పుణ్యక్షేత్రమే రోమ్ అనుకోమన్నరట.

మూడో వారం నుంచి అసలు పని మొదలైంది. వాళ్ల ఏడు దివ్యసంస్కారాలల్ల ఒకటి పాపసంకీర్తనం. ఫాదర్ దగ్గర మోకరిల్లి చేసిన గునాహ్ నోటితో చెప్పాలె. ఆయన ఖుదా పేరు మీద మాఫీ ఇస్తడు, విన్న మాట ప్రాణం పోయినా ఎవరికీ చెప్పడు. అది అయినంకనే గుణదలల సత్ప్రసాదం తీసుకోవాలె. మన దీన్ల ఇట్ల లేదు. బందేకు అల్లాకు నడుమ ఎవ్వరూ ఉండరు, తౌబా నేరుగా ఆయన దగ్గరనే. ఈ ఫరక్ చిన్నది కాదు. కానీ ఒప్పుకోలుకు ముందు ఆ పిల్లలతోని చేయించిన పని చూసి నాకు మన పాత పాఠం యాదికొచ్చింది.

ఒక్కొక్కరికి చిన్న నోట్‌బుక్ ఇచ్చిన్రు. రోజూ పండుకునే ముందు అంతరాత్మ పరిశీలన. అబద్ధం చెప్పిన అని రాస్తే కుదరదు. ఎవరికి చెప్పిన, ఏమని చెప్పిన, దానితోని వాళ్లకేం నష్టమైంది, అది రాయాలె. దొంగతనం చేస్తే ఆ వస్తువు వాపసియ్యాలె. ఒకరి ఇజ్జత్ తీస్తే ఆ మాట తప్పని చెప్పాలె. అది చెయ్యకుండ ఫాదర్ దగ్గరికి ఉరికితే ఒప్పుకోలు అధూరా అని సిస్టర్ చెప్తుంటే నా చెవులతోని విన్న. మన మౌలానాలు చెప్పే తౌబా షరతులు కూడా ఇవే కదా. గునాహ్ వదలాలె, నదామత్ ఉండాలె, మళ్లీ చెయ్యనని పక్కా ఇరాదా ఉండాలె. బందే హక్ మారితే నాలుగో షరతు, ఆ హక్ వాపసియ్యాలె. హుకూకుల్ ఇబాద్. ఎన్ని జుమ్మా బయాన్లల్ల విన్ననో.

జనవరి ఆఖరు. నాలుగో శనివారం దాటి రెండు రోజులైంది. ట్యూషన్ అయిపోయి పిల్లలంతా పోయిన్రు, ఈ పిల్ల మాత్రం పోలే. సంచిల నుంచి ఒక కవర్ తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, పోయిన ఆగస్టు ఫీజు నాన్న నాకిచ్చిండు. నాలుగు వందలు. నేను మీకియ్యలే. నాన్నకు జీతం లేటైందని మీతోని చెప్పిన. ఆ పైసలతోని ఫ్రెండ్ బర్త్‌డేకు పోయిన. ఇవి ఆ నాలుగు వందలు."

నాకు ఆ ఆగస్టు యాదిల కూడా లేదు. "అరె, చల్ బిడ్డా, మాఫ్. గివి నీ దగ్గరనే పెట్టుకో, పెన్నులు కొనుక్కో" అన్న.

ఆ పిల్ల కదలలే. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి గానీ గొంతు గట్టిగనే ఉన్నది. "సార్, మీరు తీసుకోవాలె. ఇంకోటి కూడా ఉన్నది. జీతం లేటైందంటే మీరు నాన్నను జాలిగా చూసిన్రు. ఒకసారి అప్పు కావాల్నా అని కూడా అడిగిన్రు. నాన్నకు అర్థం కాక ఇంటికొచ్చి బాధపడ్డడు. అది నా వల్ల అయింది. నాన్నకు నిన్న చెప్పిన."

కవర్ తీసుకున్న. లోపల నలిగిన పది, ఇరవై నోట్లు. పానీపూరీ పైసలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఎందుకంటే నేనూ ఒక సఫర్ తయారీల ఉన్న. ఖుర్రాల మా ఇద్దరి పేర్లు వచ్చినయి, ఈ ఏడు హజ్. కరీంనగర్ల తర్బియతీ కాంప్‌కు పోయొచ్చిన. ఇహ్రాం ఎట్ల కట్టుకోవాలె, తవాఫ్ ఏడు చుట్లు ఎట్ల లెక్కపెట్టుకోవాలె, మినాల గుడారం ఎట్ల గుర్తుపట్టాలె, అన్నీ నోట్‌బుక్‌ల రాసుకున్న. పోయే ముందు చుట్టాలిండ్లకు తిరిగి చెప్పే మాట కూడా నోటికి వచ్చు. "కహా సునా మాఫ్ కర్నా." అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యండి. మన దిక్కు హజ్‌కు పోయే ప్రతి మనిషీ ఇది చెప్తడు. మెడల పూలహారం, చేతిల మిఠాయి డబ్బా, నవ్వుకుంట చెప్తడు. అవతలోళ్లు కూడా నవ్వుకుంట "మాఫ్ కియా, హమారే లియే దువా కర్నా" అంటరు. ఎవరినైతే నిజంగ నొప్పించినమో వాళ్ల దర్వాజ దగ్గరికి పోం. పోయినా ఈ టోకు మాటనే చెప్పి వస్తం. ఏం మాఫ్ చెయ్యాల్నో వాళ్లకు చెప్పం.

నా నోట్‌బుక్‌ల రాయాల్సిన పేరు ఒక్కటే. నా చెల్లె.

అబ్బా ఇంతెఖాల్ అయింది 2009ల. అమ్మీ అంతకు ముందే పోయింది. మేం ఇద్దరమే. కమాన్ దగ్గరి ఇల్లు అబ్బా సొంత కమాయితోని కట్టింది. షరియత్ లెక్క అందరికీ తెలిసిందే, కొడుకుకు రెండు వంతులు, బిడ్డకు ఒక వంతు. అంటే ఇంట్ల మూడో వంతు చెల్లెది. చహ్లుం అయిన మరునాడు కాగితం తయారు చేయించి పెట్టిన. పెద్దలంతా కూసున్నరు. "ఆడిబిడ్డ పుట్టింటి దర్వాజ మూసుకుంటదా? హక్ ఖుషీతోని వదిలేస్తది" అని ఎవరో అన్నరు. నేను పెన్ను ఇచ్చిన. ఆమె దస్తఖత్ పెట్టింది. ఖుషీతోనే ఇచ్చిందని పదిహేనేండ్లు అందరికీ చెప్పుకున్న. 2012ల ఆ ఇల్లు పద్దెనిమిది లక్షలకు అమ్మి ఇక్కడ పై అంతస్తు వేసుకున్న. అదే ఏడు చెల్లె తన బంగారం బ్యాంకుల పెట్టి బిడ్డను నర్సింగ్‌ల చేర్పించింది. నాకు తెలుసు. తెలిసే ఊకున్న. సిగ్గుకో మొహమాటానికో వదులుకున్న హక్ వదిలినట్టు కాదని ఉలమా చెప్తనే ఉన్నరు. ఆ మాట వచ్చినప్పుడల్ల ఇంకొకరి గురించి చెప్తున్నట్టు విన్న.

పొద్దున బేగంకు చెప్పిన. ఆమె చాలా సేపు మాట్లాడలే. ఆరు లక్షలంటే మా ఇద్దరి హజ్ కోసం రిటైర్‌మెంట్ నుంచి దాచుకున్న పైసలు దాదాపు అన్నీ. "కాబా చూడాలని నాకూ ఉండదా? పోయొచ్చినంక ఇయ్యొచ్చు కదా" అన్నది. ఆమె మాట గలత్ అని ఎట్ల అనను? నలభై ఏండ్ల అర్మాన్ ఆమెది. కానీ బాకీ మెడల పెట్టుకొని ఏ ముఖంతో లబ్బైక్ అనాలె? రెండు రోజులు ఇంట్ల వంట ఉన్నది, మాట లేదు. మూడో రోజు ఆమెనే చెక్‌బుక్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఫిబ్రవరి 9, ఆదివారం. రాత్రి పిల్లలంతా మంచిర్యాల స్టేషన్ల రైలెక్కిన్రు. కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగ బెజవాడ. పక్కింటాయన తోని నేనూ స్టేషన్‌కు పోయిన. ఆ పిల్ల చేతిల చిన్న సంచి ఒక్కటే. నిజంగనే బట్టలు కాదు. "సార్, మీ కోసం ఏం అడగాలె?" అన్నది. "మా ఇంట్ల ఒక పని ఉన్నది, అది ఆసాన్ కావాలని అడుగు" అన్న.

ఆ ఏడు షబె బరాత్ 13 రాత్రి పడ్డది. దిల్‌ల కీనా పెట్టుకున్నోళ్లకు ఆ రాత్రి మాఫీ దొరకదని మన పెద్దలు చెప్తరు. 13 పొద్దున్నే బస్సెక్కిన. గోదావరి బ్రిడ్జి, రామగుండం పొగగొట్టాలు, పెద్దపల్లి. తొవ్వ పొడుగునా ఏం చెప్పాల్నో కూడబలుక్కున్న. చెల్లె ఇంట్ల కూసున్నంక అంతా మర్చిపోయిన. చాయ్ పెట్టింది. ముట్టకుండ, ఆ పిల్ల లెక్కనే, ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పిన. చహ్లుం మరునాడు కాగితం నేనే రాయించిన. అందరి ముందర కావాలనే పెట్టిన, నువ్వు కాదనలేవని. ఇల్లు పద్దెనిమిదికి పోయింది, నీకు ఎంతకు పోయిందో కూడా చెప్పలే. నువ్వు బంగారం కుదువ పెట్టింది నాకు తెలుసు. ఆనాటి లెక్కన నీది ఆరు లక్షలు. ఇయ్యాల్టి లెక్క ఏందో నువ్వే చెప్పు.

"అట్లేం లేదు భయ్యా, మాఫ్" అంటదనుకున్న. అనలే. చాయ్ చల్లారింది.

"ఆ రోజు నువ్వు పెన్ను ఇచ్చినవ్ భయ్యా. అడగలే" అన్నది. "అడిగితే వదులుకుందునేమో. అడగనందుకే నాకు రంజ్."

చెక్కు చూసింది. మడిచి ఖురాన్ పెట్టే అల్మారల పెట్టింది. "హిసాబ్ ఇంతే చాలు. తీసుకుంటున్న" అన్నది. మాఫ్ చేసిన అని మాత్రం ఇంకా అనలే. నేనూ అడగలే. ఆమెకు పదిహేనేండ్లు పట్టింది, నాకు ఒక్క పూటల కావాల్నంటే ఎట్ల? అబ్బా, అమ్మీ ఖబర్ల దగ్గర ఫాతిహా చదివి, ఆ రాత్రి కరీంనగర్ మస్జిద్‌లనే గడిపిన. ఈ ఏడు హజ్ సీటు వదులుకున్నం. బతికుంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటం, ఇన్‌షా అల్లా.

ఆ పిల్ల బెజవాడ నుంచి మా బేగంకు గాజులు తెచ్చింది. ప్రసాదం తేలేదు. "మీరు తింటరో లేదో అని" అన్నది. ఇప్పుడు రోజూ త్రికోణమితి చేస్తున్నది. కొండ మీద ఏమనిపించిందని అడిగితే, "జనం మస్తున్నరు సార్, కాళ్లు నొప్పి పెట్టినయి. కానీ భయం లేకుండె" అన్నది.

రంజాన్ వస్తది. అటెనక హజ్ ఖాఫిలాలు బయల్దేరుతయి. మన ఇండ్లల్ల దావతులు ఉంటయి, హారాలు ఉంటయి, కహా సునా మాఫ్‌లు ఉంటయి. పోయే భాయీలకు, బహెన్లకు నా గుజారిష్ ఒక్కటే. ఆ మాట అందరి ఇండ్లల్ల చెప్పే ముందు ఒక్క ఇంటికి పొండి. ఏ ఇంటికో మీకు తెలుసు. అక్కడ ఆ మాట టోకుగ చెప్పకండి, ఏం చేసిన్రో పేరు పెట్టి చెప్పండి. హక్ ఏదన్న ఉంటే చేతిల పట్టుకొని పొండి. మన పిల్లలకు కూడా రోజాలు, నమాజ్‌తో పాటు ఇది నేర్పుదాం. నాకు నేర్పింది పక్కింటి పదిహేనేండ్ల పిల్ల. ఆ ఎహ్‌సాన్ దాచుకోవద్దని రాసిన.

దువాలల్ల యాద్ ఉంచుకోండి. మా చెల్లెను కూడా.